సంస్కరణల పద్దులో రాయని ఖర్చు

1991 జులై 24న పార్లమెంటు ముందుకు రెండు పత్రాలు వచ్చాయి. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ చదివిన బడ్జెట్ ప్రసంగం అందరికీ గుర్తుంది. అదే రోజు, అంతకుముందే, పరిశ్రమల శాఖ సహాయమంత్రి పి.జె. కురియన్ ఆర్భాటమేమీ లేకుండా సభలో పెట్టిన పారిశ్రామిక విధాన ప్రకటన చాలామందికి గుర్తులేదు. లైసెన్స్ రాజ్‌ను సాగనంపింది మాత్రం ఆ రెండోదే. పరిశ్రమల శాఖను ప్రధాని పి.వి. నరసింహారావు తన దగ్గరే ఉంచుకున్నారు. అయినా ప్రకటనను సభ ముందుంచే పని సహాయమంత్రికే వదిలారు. రాజకీయంగా అదొక నేర్పు.

మొదటి పత్రం ఖజానాది. లోటు, అప్పు, రూపాయి విలువ, ధరలు దాని లెక్కలు. దీన్నే స్థూల ఆర్థిక విధానం అంటాం. రెండోది ఎవరు ఏ వ్యాపారం పెట్టవచ్చు, ఎవరి అనుమతి కావాలి, భూమి, కరెంటు, కూలీ ఏ నియమాల మీద దొరకాలి అన్నది. ఇవి వ్యవస్థాగత సంస్కరణలు. రెండూ ఒకే పూట పుట్టినందువల్లనేమో, వాటి మీద తగవులు కూడా ఒకదానితో ఒకటి అల్లుకుపోయాయి. సంస్కరణలు ఫలించాయనేవారు విదేశీ మారకద్రవ్య నిల్వలు చూపిస్తారు. విఫలమయ్యాయనేవారు ఉద్యోగాల్లేని పట్టభద్రుణ్ని, అప్పుల్లో మునిగిన రైతును చూపిస్తారు. రెండూ నిజాలే. కాకపోతే ఒకరు మొదటి పత్రం గురించి, మరొకరు రెండో పత్రం గురించి మాట్లాడుతున్నారు.

ఈ చిక్కుముడిని విడదీసి చూస్తే కనిపించేది ఒకటుంది. "ఎంత సంస్కరణ కావాలి" అన్నదాని మీద అన్ని పక్షాలూ పుస్తకాలకు పుస్తకాలు రాశాయి. సంస్కరణ వల్ల ముందుగా నష్టపోయేది ఎవరు, ఆ నష్టాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ హామీ మీద పూడుస్తారు అన్నదాన్ని మాత్రం పద్దు అంచున చిన్న అక్షరాల్లో రాసి వదిలేశాయి.

ఖజానా అడుగంటిన ఏడాది

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు పంపే సొమ్ము తగ్గింది, ప్రవాస భారతీయులు బ్యాంకుల్లో దాచిన డాలర్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. 1991 జూన్ నాటికి మిగిలిన విదేశీ మారకద్రవ్యం మూడు వారాల దిగుమతులకు కూడా చాలదు. మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం బయటికి వెళ్లింది. జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నులు కుదువపెట్టింది. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువను మొత్తం మీద 18 శాతానికి పైగా తగ్గించారు.

గల్ఫ్ యుద్ధం నిప్పురవ్వ మాత్రమే. మందుగుండు 1980ల పొడవునా పోగైంది. 1990-91 నాటికి కేంద్రం ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో 8 శాతం ప్రాంతానికి చేరింది. బ్యాంకులో పడిన ప్రతి వంద రూపాయల డిపాజిట్‌లో 38.50 రూపాయలు చట్టప్రకారం ఎక్కువగా ప్రభుత్వ పత్రాల్లోకే పోయేవి. మరో 15 రూపాయల వరకు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి. రైతుకో, కార్ఖానాకో అప్పివ్వడానికి మిగిలేది సగం కూడా కాదు. ఈ తీరు మార్చాలని 1991లో చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మైదవోలు నరసింహం.

ఆ తర్వాతి ఏళ్లలో జరిగినవి వేగంగా చెప్పుకోవచ్చు. 18 పరిశ్రమలు మినహా మిగతా అన్నింటికీ లైసెన్సు పోయింది. మూడు వందల శాతం దాటిన గరిష్ఠ దిగుమతి సుంకం ఆ బడ్జెట్‌తోనే 150 శాతానికి వచ్చింది. 2007-08 నాటికి, వ్యవసాయ సరకులు వదిలేస్తే, 10 శాతానికి దిగింది. 1993లో రూపాయి మారకం రేటును మార్కెట్‌కు వదిలారు. ఎవరూ పండగ చేసుకోని మార్పు ఒకటుంది. ప్రభుత్వానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడల్లా తాత్కాలిక ట్రెజరీ బిల్లుల మీద రిజర్వ్ బ్యాంకు నోట్లు సమకూర్చే పద్ధతిని 1997 ఏప్రిల్ నుంచి ఆపేశారు. ఆ ఒప్పందం కుదిర్చిన గవర్నరు సి. రంగరాజన్. తర్వాత ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. ఈ దేశంలో ద్రవ్యోల్బణం రెండంకెల్లో తిష్టవేయకపోవడానికి గల కారణాల్లో ఈ నిశ్శబ్ద ఒప్పందానిది పెద్ద వాటా.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పైన చెప్పినవన్నీ దిల్లీలో ఒక కలంపోటుతో అయ్యే పనులు. లైసెన్సు రద్దు చేయడానికి తహశీల్దారు అక్కర్లేదు, లైన్‌మన్ అక్కర్లేదు. నష్టపోయినవారు, అంటే లైసెన్సుల చాటున బతికిన కొద్దిమంది పారిశ్రామికవేత్తలు, వాటి మీద సంతకాలు పెట్టే అధికారులు, రోడ్డెక్కి ధర్నా చేసే రకం కాదు. సంస్కరణల తేలిక సగం అక్కడితో అయిపోయింది.

మలుపు 1991దేనా?

ఈ ప్రశ్న చరిత్రకారుల కాలక్షేపంలా కనిపిస్తుంది గానీ దాని మీదే చాలా ఆధారపడి ఉంది. స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాలు మన వృద్ధి సగటున ఏడాదికి 3.5 శాతం. ఆర్థికవేత్త రాజ్ కృష్ణ దానికి "హిందూ వృద్ధిరేటు" అని వెటకారంగా పేరు పెట్టారు. 1980ల్లో అది ఐదున్నర శాతం దాటింది. సంస్కరణలకు ముందే బండి వేగం అందుకుందన్నమాట.

2004లో ఆర్థికవేత్తలు డాని రోడ్రిక్, అరవింద్ సుబ్రమణియన్ దీన్నే పట్టుకున్నారు. 1980 ప్రాంతంలో దిల్లీ వైఖరి మారిందని, మార్కెట్‌ను తెరవకపోయినా ఉన్న వ్యాపారులను శత్రువుల్లా చూడటం మానేసిందని, ఆ కాస్త సడలింపుకే ఉత్పాదకత పెరిగిందని వారి వాదన. మరో ఆర్థికవేత్త అరవింద్ పనగరియా ఒప్పుకోలేదు. ఆ దశాబ్దపు సగటును పైకి లాగింది చివరి మూడేళ్లేనని, అదీ అప్పు చేసి సాధించిన వృద్ధి అని, అందుకే 1991లో బోర్లాపడిందని ఆయన జవాబు.

ఇద్దరి అంకెలూ సరైనవే. వృద్ధిని రాజేయడానికి ఏం చాలు అన్నది మొదటి వాదన, నిలబెట్టడానికి ఏం కావాలి అన్నది రెండోది. రెండు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన రెండు జవాబులను ఒకదానికొకటి పోటీ పెట్టి రెండు దశాబ్దాలు గడిపేశాం.

పక్షాలు, వాటి బలాలు

ఇప్పుడున్న ఆలోచనా ధోరణులను నాలుగుగా విడదీసి చూడవచ్చు. హద్దులు గట్టివి కావు. ఒకే మనిషి ఉదయం ఒక పక్షంలో, సాయంత్రం మరొక పక్షంలో ఉండటమూ కద్దు.

జగదీశ్ భగవతి, పనగరియాలది మార్కెట్ పక్షం. వృద్ధే పేదరికాన్ని తగ్గిస్తుంది, బడికీ ఆసుపత్రికీ కావాల్సిన పన్ను రాబడినీ అదే తెస్తుంది, కాబట్టి భూమి, కార్మిక చట్టాల్లో మిగిలిన పని పూర్తి చేయాలి అంటారు. వారి చేతిలో గట్టి సాక్ష్యం ఉంది. టెండూల్కర్ కమిటీ కొలమానం ప్రకారం 1993-94లో 45.3 శాతం ఉన్న పేదరికం 2004-05కు 37.2కు, 2011-12కు 21.9కు దిగింది. వృద్ధి వేగం పుంజుకున్న ఏళ్లలోనే తగ్గుదలా వేగం పుంజుకుంది.

అమర్త్య సేన్, జాన్ డ్రీజ్ వరుస తిరగేస్తారు. మనకంటే తక్కువ ఆదాయం ఉన్న రోజుల్లోనే బంగ్లాదేశ్ పిల్లల ప్రాణాలు కాపాడటంలో, ఆడపిల్లల చదువులో మనల్ని దాటిపోయింది. తూర్పు ఆసియా దేశాలు ముందు అక్షరాస్యత సాధించి ఆ తర్వాతే కార్ఖానాలకు వెళ్లాయి. 2013లో రెండు పక్షాల పుస్తకాలూ ఒకే ఏడాది రావడంతో తగవు పత్రికలకెక్కి వ్యక్తిగతం దాకా వెళ్లింది. అసలు తేడా ఏ పని ముందు అన్నదే. రెండూ కావాలన్నది ఇద్దరికీ సమ్మతమే.

వామపక్షానిది వేరే దారి. ప్రభాత్ పట్నాయక్, సి.పి. చంద్రశేఖర్, జయతీ ఘోష్ వంటివారు సంస్కరణలను ఉత్పత్తి వైపు నుంచి కాక గిరాకీ వైపు నుంచి చూస్తారు. లోటు తగ్గించాలనే నియమం మొట్టమొదట కోత వేసేది సాగునీరు, వ్యవసాయ విస్తరణ, గ్రామీణ పరపతి మీదనే అంటారు. తెలుగు పాఠకులకు ఇది పుస్తకాల సంగతి కాదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపాయి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన రైతు సంక్షేమ కమిషన్‌కు అధ్యక్షురాలు జయతీ ఘోషే. బ్యాంకు అప్పు అందక ఎరువుల దుకాణదారు దగ్గరే విత్తనమూ పురుగుమందూ అప్పుకు తెచ్చి, పంట కూడా అతనికే అమ్మే రైతు పరిస్థితిని ఈ పక్షం వివరించినంత బాగా మరొకరు వివరించలేదు. దానికి మందు చెప్పేటప్పుడు మాత్రం ఆ పక్షం గొంతు బలహీనపడుతుంది. డబ్బెక్కడిది అన్న ప్రశ్నకు సంపన్నుల మీద పన్ను అన్న జవాబు ఒక్కటే దాని దగ్గర ఉంది.

నాలుగోది కొత్తది: ప్రభుత్వ యంత్రాంగపు సామర్థ్యం గురించి మాట్లాడే పక్షం. ఆర్థికవేత్త లాంట్ ప్రిచెట్ 2009లో భారత ప్రభుత్వానికి తల చురుకుగా ఉన్నా కాళ్లూ చేతులూ మాట వినవని వర్ణించారు. విజయ్ కేల్కర్, అజయ్ షా 2019లో, కార్తీక్ మురళీధరన్ 2024లో పెద్ద పుస్తకాలు తెచ్చారు. మురళీధరన్ బృందం పరిశోధనలు ఎక్కువగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే సాగాయి. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డు మీద చెల్లిస్తే ఆలస్యం, స్వాహా రెండూ తగ్గాయని వారు కొలిచి చూపారు. ఏ సిద్ధాంతమైనా చివరికి పంచాయతీ కార్యదర్శి చేతి మీదుగానే నడవాలని గుర్తుచేయడం ఈ పక్షం మేలు. ఆ కార్యదర్శి మీద ఉన్న రాజకీయ ఒత్తిడిని తేలిగ్గా దాటేయడం దాని లోపం.

ఒక చోట నలుగురూ కలుస్తారు. మళ్లీ లైసెన్సులు కావాలని ఎవరూ అనరు. 2023-24లో దేశ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా 18 శాతం దగ్గర ఉండగా దాని మీద బతికే శ్రామికులు 46 శాతం ఉండటం సరికాదని అందరూ ఒప్పుకుంటారు. అంతకంటే కలవరపెట్టే విషయం, 2018-19లో 42.5 శాతానికి తగ్గిన ఆ శ్రామికుల వాటా కరోనా తర్వాత మళ్లీ పెరిగి 2023-24 దాకా అక్కడే ఉండిపోవడం. జనం పట్నం నుంచి పొలానికి తిరిగి వెళ్లారు. అభివృద్ధి పాఠ్యపుస్తకాల్లో ఈ ప్రయాణానికి పేరు లేదు.

రాని కార్ఖానాలు

వీళ్లంతా ఎక్కువగా తగవుపడేది ఇక్కడే. స్థూల దేశీయోత్పత్తిలో తయారీరంగం వాటా దశాబ్దాలుగా 15 నుంచి 17 శాతం మధ్యే తిరుగుతోంది. 2014లో "మేక్ ఇన్ ఇండియా" దాన్ని 25 శాతానికి తీసుకెళ్తామంది. 2020లో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలకు 14 రంగాల్లో సుమారు 1.97 లక్షల కోట్లు ప్రకటించారు. ఫోన్ల తయారీలో ఫలితం స్పష్టంగా కనిపించింది. మొత్తం వాటా మాత్రం కదల్లేదు.

చాలాకాలం నింద కార్మిక చట్టాల మీద పడింది. వంద మంది, అంతకు మించి పనిచేసే కార్ఖానా మూతకు, ఉద్వాసనకు ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి యజమానులు చిన్నగానే ఉండిపోతున్నారన్నది వాదన. టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2004లో రాష్ట్రాలు చేసిన చట్ట సవరణలను లెక్కగట్టి, కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో నమోదిత పరిశ్రమ కుంటుపడిందన్నారు. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రం. మరి మన జిల్లాల్లో ఢాకా స్థాయి దుస్తుల కార్ఖానాలు ఎందుకు లేవు? ఆదిత్య భట్టాచార్జియా ఆ లెక్కగట్టే పద్ధతినే తప్పుపట్టారు. ఒక్కో సవరణకు ఒక్కో మార్కు వేస్తే చట్టం అమలైందో లేదో ఎలా తెలుస్తుందని ఆయన ప్రశ్న. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. ఉద్వాసన అనుమతి పరిమితి 300కు పెరిగింది. ఈ వాదన నిజానిజాలు ఇకముందు తేలాలి.

నా మట్టుకు చిన్న పరిశ్రమల రిజర్వేషన్‌దే పెద్ద నేరం అనిపిస్తుంది. ఒక దశలో ఎనిమిది వందలకు పైగా వస్తువులను చిన్న కార్ఖానాలు మాత్రమే తయారు చేయాలని నిర్దేశించారు. ఎగుమతి చేయగల దుస్తులు, బొమ్మలు, తోలు సరకులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి. ఆ జాబితా పూర్తిగా కొట్టేసింది 2015లో. అప్పటికి చైనా, బంగ్లాదేశ్, వియత్నాం అంగడి పంచుకుని కూర్చున్నాయి.

కార్ఖానాల మీద ఆశ వదిలి సేవల బాటే పట్టాలని రఘురాం రాజన్, రోహిత్ లాంబా 2023లో వాదించారు. హైదరాబాద్‌ను చూసినవారికి ఇది నమ్మబుద్ధేస్తుంది. పదో తరగతితో ఆగిపోయిన వాళ్లకు ఆ నగరంలో దొరికే పని ఏమిటో కూడా చూస్తే నమ్మకం కాస్త సడలుతుంది.

ఎవరి ఖాతాలోనూ పడని మందుల పరిశ్రమ

హైదరాబాద్‌దే ఇంకో ఉదాహరణ ఏ పక్షానికీ సుఖం ఇవ్వదు. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వెలిసింది. లాభాల్లో పెద్దగా మెరిసింది లేదు, చివరికి ఖాయిలా పడింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. అంటే అప్పట్లో విదేశీ మందును మరో దారిలో తయారు చేస్తే నేరం కాదు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు బయటికొచ్చి ఆ దారులు వెతికారు. వారిలో అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1991 తర్వాత దిగుమతులు తేలికై, అమెరికా అంగడి తెరుచుకున్నాక ఈ కంపెనీలు ఎదిగాయి. 2001లో డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కింది.

నష్టాల ప్రభుత్వ సంస్థ పనివాళ్లను తయారు చేసింది, స్వదేశీ రక్షణ చట్టం సమయమిచ్చింది, సరళీకరణ అంగడి చూపింది. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ ఇంత పని చేసేవి కావు. రక్షణ వల్లే ఎదిగారనేవారు, అదే రక్షణలో ఎదగని వందల పరిశ్రమల సంగతి చెప్పాలి. మార్కెట్ వల్లే అనేవారు, అదే మార్కెట్లో మరే తయారీ పరిశ్రమా హైదరాబాద్‌లో అంతగా ఎందుకు పాతుకుపోలేదో చెప్పాలి. జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులూ భూగర్భజలాలూ కట్టిన మూల్యం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

ఖజానా వైపు కుదిరినవి, కుదరనివి

స్థూల విధానంలో మనం చాలా నేర్చుకున్నాం. రిజర్వ్ బ్యాంకు ఇద్దరు తెలుగు గవర్నర్ల కాలం ఇందుకు మంచి గురుతు. వై.వి. రెడ్డి హయాంలో, 2003-08 మధ్య, విదేశీ డబ్బు వరదలా వచ్చినప్పుడు ఆయన స్థిరాస్తి రుణాల మీద బ్యాంకులకు బిగింపులు పెట్టారు. అప్పట్లో వ్యాపారవర్గాలు విసుక్కున్నాయి. 2008లో ప్రపంచమంతటా బ్యాంకులు కూలుతుంటే అదే జాగ్రత్తను మెచ్చుకున్నాయి. సెప్టెంబరు 5న గవర్నరైన దువ్వూరి సుబ్బారావుకు పది రోజులకే లేమన్ పతనం ఎదురైంది. వడ్డీరేటును 9 నుంచి 4.75 శాతానికి దించారు. తర్వాత ధరలు మండితే 13 సార్లు పెంచి ఆర్థికమంత్రులతో మాటపడ్డారు. 2016లో చట్టం సవరించి ద్రవ్యోల్బణం లక్ష్యం 4 శాతమని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటని రాసి ఆరుగురు సభ్యుల కమిటీకి అప్పగించాక ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. మూడు వారాలకు చాలని నిల్వలు 2024లో 70,000 కోట్ల డాలర్లు దాటాయి.

తేలనివీ ఉన్నాయి. 2012 ప్రాతిపదిక ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.9 శాతం. టమాటా ధర వానల మీద ఆధారపడుతుంది, వడ్డీరేటు మీద కాదు కదా, మరి లక్ష్యంలోంచి ఆహారాన్ని తీసేయాలా అని 2023-24 ఆర్థిక సర్వే అడిగింది. తీసేస్తే పేదింటి ఖర్చును లెక్కలోంచి తీసేసినట్లేనన్నది ఎదుటి మాట. నేను ఎదుటి మాట వైపే.

లోటు సంగతి ఇంకా చిక్కు. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం కేంద్రం లోటు 3 శాతం దగ్గర ఉండాలంది. ఆ మాట దక్కిన సంవత్సరాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కరోనా ఏడాది 9.2 శాతానికి ఎగిరి, 2024-25కు 4.8కి దిగింది. కేంద్ర, రాష్ట్రాల అప్పు కలిపితే జాతీయోత్పత్తిలో 80 శాతం మించింది. 2019లో కంపెనీ పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గిస్తే పెట్టుబడులు పోటెత్తుతాయనుకున్నారు. అంతగా రాలేదు.

ఎందుకు రాలేదన్న దగ్గరే రెండు పత్రాలూ కలుసుకుంటాయి. 2018 మార్చి నాటికి బ్యాంకుల స్థూల మొండి బాకీలు 11 శాతం దాటాయి. ఆ బాకీలు ఎక్కువగా కరెంటు, ఉక్కు, రోడ్ల ప్రాజెక్టులవి. అంటే భూసేకరణ తెమలని, బొగ్గు కేటాయింపులు సుప్రీంకోర్టులో రద్దయిన, కరెంటు కొనే పంపిణీ సంస్థ (డిస్కమ్) దగ్గర డబ్బులేని రంగాలవి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో గ్యాస్ వస్తుందని నమ్మి కట్టిన విద్యుత్ కేంద్రాలు, సముద్రంలో గ్యాస్ తగ్గిపోగానే అప్పులతో సహా నిలిచిపోయాయి. బ్యాంకు జబ్బు అనుకున్నది నిజానికి వ్యవస్థాగత సంస్కరణ ఆగిపోయిన చోట తేలిన వాపు.

మీటరు దగ్గర ఆగిన బండి

కరెంటు కథను దగ్గరగా చూడటం మేలు. ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటారుకు హార్స్‌పవర్‌కు ఏటా 50 రూపాయల స్లాబు పెట్టింది. స్లాబు వచ్చాక మీటరు అవసరం పోయింది. మీటరు లేకపోతే రైతు ఎంత వాడాడో ఎవరికీ తెలియదు, అంచనా వేయాల్సిందే. ఆ అంచనాలోనే తీగల నష్టం, దొంగతనం, బిల్లు కట్టని పలుకుబడి అన్నీ దాక్కున్నాయి. రైతుకు దక్కింది మాత్రం రాత్రిపూట వచ్చే లో-వోల్టేజీ కరెంటు, కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్, సొంత డబ్బుతో మోటారు రీవైండింగ్. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం ఆటో స్టార్టర్ పెట్టుకుంటే, రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి తిరిగి మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ పేలేది.

1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పు తోడైంది. 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది, నియంత్రణ మండలి ఏర్పడింది. కాగితం మీద లోపం పట్టడం కష్టం. మండలి మొదటి ఉత్తర్వు 2000లో చార్జీలు పెంచింది. కరెంటు నాణ్యత మెరుగుపడటం తర్వాతి ముచ్చట. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్ దస్త్రం మీద పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చింది. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు వెసులుబాటును విద్యుత్ సంస్కరణలకు ముడిపెడితే, ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో మీటర్లు బిగించి చూసింది, తెలంగాణ ససేమిరా అంది.

దీన్ని ప్రజాకర్షణ అని కొట్టిపారేయడం సులువు. రైతు లెక్క వేరు. చార్జీ పెంపు ఇవాళ ఖాయం, మంచి కరెంటు రేపటి మాట. ఆ మాట ఇచ్చింది నిన్నటిదాకా మోటారు కాలబెట్టిన సంస్థే. ఆ లెక్కలో తప్పేముంది? ఈలోగా రైతు బిల్లు భారం పరిశ్రమల చార్జీ మీద పడింది, పరిశ్రమలు సొంత కరెంటు చూసుకున్నాయి, డిస్కమ్ నష్టం రాష్ట్రం అప్పులోకి, రాష్ట్రం అప్పు దేశం లోటులోకి చేరింది.

ముందు ఏం చేతిలో పెట్టారు?

నిలబడిన, కూలిన సంస్కరణలను పక్కపక్కన పెడితే తేడా సిద్ధాంతంలో కనిపించదు. జీఎస్టీ రాజ్యాంగం మార్చి, రాష్ట్రాల పన్ను అధికారాన్ని తీసుకున్న సంస్కరణ. ఇంతకంటే కష్టమైనది మరొకటి లేదు. అయినా కుదిరింది, ఎందుకంటే 2015-16 రాబడి మీద ఏటా 14 శాతం పెరుగుదలను ఐదేళ్లపాటు పూడుస్తామని కేంద్రం చట్టంలో రాసిచ్చింది. కరోనాలో సొమ్ము తగ్గితే పెద్ద రగడే అయింది. చివరికి కేంద్రమే రెండేళ్లలో దాదాపు 2.7 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకిచ్చింది. కేంద్రం తెచ్చిన సాగు చట్టాలు అలా రాలేదు. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా దిగాయి. మద్దతు ధర మీద పంజాబ్ రైతు భయానికి చట్టంలో ఒక్క వాక్యమైనా జవాబు లేదు. 2021 నవంబరులో వెనక్కి పోయాయి.

రాజధాని అమరావతి కోసం జరిగిన భూసమీకరణ ఈ రెంటికీ మధ్యది. 2015లో దాదాపు 34 వేల ఎకరాలు బలవంతపు సేకరణ లేకుండా వచ్చాయంటే, ఎకరం మెట్టకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ల కౌలు అని ముందే కాగితం మీద రాసివ్వడం వల్లే. 2019 తర్వాత రాజధాని నిర్ణయమే మారిపోవడంతో ఆ కాగితం విలువ ఎన్నికల ఫలితానికి ముడిపడింది. 2024లో మళ్లీ మారింది. ఆ ఏటి ఎన్నికల్లోనే రాష్ట్ర భూహక్కుల చట్టం పెద్ద వివాదమై, ఆ తర్వాత రద్దయింది. భూమి కాగితాల గందరగోళం తీర్చాలని అందరూ కోరుకునే రాష్ట్రంలోనే అది జరిగింది. పరిహారం ముందు చెప్పడం సగం పని. ప్రభుత్వం మారినా ఆ మాట మారదని నమ్మించడం మిగతా సగం.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నష్టపోయే ప్రతివాడికీ ముందే చెల్లిస్తూ పోతే ఖజానా ఏమవుతుంది? ప్రతి సంస్కరణా బేరసారాల సంతగా మారదా? మారుతుంది. అందుకే లోటు మీద 3 శాతమా 4.5 శాతమా అన్న వాదన నాకు అసంపూర్ణంగా అనిపిస్తుంది. అప్పు దేనికి చేస్తున్నాం అన్నదే తేడా తెస్తుంది. ఏటా సబ్సిడీ నష్టం పూడ్చే అప్పు, ఐదేళ్లలో ఆ నష్టాన్ని ఆపడానికి ఇచ్చే పరిహారపు అప్పు, రెండూ బడ్జెట్‌లో ఒకే వరుసలో ఒకే అంకెగా కూర్చుంటున్నాయి.

ఇంకా తేలనివి

వృద్ధి ఎంత అన్నదే పూర్తిగా తేలలేదు. 2011-12 తర్వాతి వృద్ధిని కొత్త లెక్కింపు పద్ధతి ఏటా రెండున్నర శాతం దాకా ఎక్కువ చేసి చూపుతోందని అరవింద్ సుబ్రమణియన్ 2019లో అన్నారు. ప్రభుత్వం ఖండించింది. 2017-18 వినియోగ సర్వేను విడుదలే చేయలేదు కాబట్టి ఆ దశాబ్దపు పేదరికం మీద ఎవరి అంచనా వారిదే. సేవలు కార్ఖానాల స్థానం తీసుకోగలవా అన్నదానికి కృత్రిమ మేధ కొత్త అనుమానాలు చేర్చింది. వై.వి. రెడ్డి అధ్యక్షతన పద్నాలుగో ఆర్థిక సంఘం రాష్ట్రాల పన్ను వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. మిగిలిన సంస్కరణలన్నీ రాష్ట్రాల చేతిలోనివే అయినప్పుడు డబ్బుతోపాటు బాధ్యత కూడా మారిందా అన్నది తేలాల్సిందే.

అన్నిటికంటే చిన్నగా కనిపించే ప్రశ్న ఇది. జీఎస్టీ పరిహారం 2022 జూన్‌తో ముగిసింది. కరెంటుకో, భూమికో అలాంటి ఒప్పందం రాయాలంటే గడువు ఎన్నేళ్లు, ఏటా ఎంత, ఆ సొమ్ము కేంద్రం లోటులో చూపాలా రాష్ట్రం అప్పులో చూపాలా? నాలుగు పక్షాల వాదనల్లోనూ ఈ లెక్క ఉండాల్సిన చోటు ఖాళీగానే ఉంది.